తెల్ల బూట్లు కనిపించే లోతు

ఎగువ, దిగువ అనే మాటలు వినగానే తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది తగాదా. ఆల్మట్టి, బాబ్లీ, టీఎంసీలు, ట్రిబ్యునళ్ళు. ఇవన్నీ చిన్నప్పటి నుంచీ పేపర్లో చూస్తూ పెరిగిన మాటలే. మన తగాదాల్లో దిగువవాడి ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: నీళ్ళు రాలేదు. నేను ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మేరీల్యాండ్‌లో కూడా ఒక నది మీద ఎగువకీ దిగువకీ గొడవొచ్చింది, కోర్టు దాకా వెళ్ళింది. కాకపోతే ఇక్కడ దిగువవాళ్ళ ఫిర్యాదు వేరు. నీళ్ళయితే వచ్చాయి, కానీ ఇవేం నీళ్ళు అని వాళ్ళు అడిగారు.

ఆ నది పేరు పటక్సెంట్. బాల్టిమోర్, వాషింగ్టన్ నగరాల మధ్య నుంచి దక్షిణానికి సుమారు 110 మైళ్ళు పారి, సాలమన్స్ అనే చిన్న ఊరి దగ్గర చెసపీక్ బేలో కలుస్తుంది. మేరీల్యాండ్‌లోనే పుట్టి మేరీల్యాండ్‌లోనే ముగిసే నదుల్లో ఇదే పొడుగైనది. కొలంబియా చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇళ్ళ మురుగు సావేజ్ అనే ఊళ్ళోని శుద్ధి కేంద్రానికి చేరి, అక్కణ్ణించి లిటిల్ పటక్సెంట్ అనే ఉపనదిలోకి పోతుంది. అంటే ఈ కథలో మనం ఎగువవాళ్ళం.

చెసపీక్ బే గురించి రెండు ముక్కలు. ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసే అఖాతాల్లో అమెరికాలో ఇదే పెద్దది. పొడవు 200 మైళ్ళు. ఆరు రాష్ట్రాల నుంచీ, వాషింగ్టన్ నగరం నుంచీ నీళ్ళొస్తాయి. దీని పరివాహక ప్రాంతం 64,000 చదరపు మైళ్ళు, అంటే సుమారుగా ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత. ఇంత నేల మీద పడ్డ వాన చేరే ఆ అఖాతం సగటు లోతు మాత్రం 21 అడుగులే. నేల మీద మనం చేసే ప్రతి పనీ ఆ కాస్త నీళ్ళలో తేలుతుంది.

పటక్సెంట్ సంగతికి ముందు ఇంకో పాత కథ చెప్పాలి. అది ఓడిపోయిన కథ.

1878లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కీత్ బ్రూక్స్ అనే జంతుశాస్త్ర ప్రొఫెసర్ చెసపీక్ ఒడ్డున వేసవి పరిశోధనశాల పెట్టాడు. అప్పట్లో ఈ తీరం మీద డబ్బంతా ఆయిస్టర్లలో ఉండేది. ఆయిస్టర్లంటే తినే ఆల్చిప్పలు. 1884-85 సీజన్లో ఒక్క మేరీల్యాండ్‌లోనే కోటీ యాభై లక్షల బుషెళ్ళు తీశారు. బుషెల్ అంటే ఓ పెద్ద గంప అనుకోండి. ఆల్చిప్ప ఎలా పుడుతుంది, ఎలా అతుక్కుంటుంది, ఎంత కాలానికి ఎదుగుతుంది అన్నవి బ్రూక్స్ దగ్గరుండి గమనించాడు. ఇలాగే తవ్వుకుంటూ పోతే మిగలదనీ, పొలంలో విత్తు వేసి పండించినట్టు పండించుకోవాలనీ రాష్ట్రానికి నివేదిక ఇచ్చాడు. 1891లో మామూలు జనం కోసం ఒక పుస్తకం కూడా రాశాడు.

ఎవరూ వినలేదు. పండించుకోవాలంటే నీటి అడుగు నేలని కౌలుకివ్వాలి. అలా ఇస్తే డబ్బున్న కంపెనీలు వచ్చి మొత్తం పట్టేసుకుంటాయని పడవలవాళ్ళ భయం. అది ఉత్త భయం కూడా కాదు. ప్రొఫెసర్ చెప్పిన శాస్త్రం సరైనదే, పడవలవాళ్ళ అనుమానమూ సరైనదే. ఆ రెంటినీ ఒకచోట కూర్చోబెట్టినవాళ్ళే లేరు. తర్వాత రోగాలూ తోడయ్యాయి. 2003-04 సీజన్ నాటికి మేరీల్యాండ్‌లో పట్టుబడి దాదాపు 26 వేల బుషెళ్ళకి దిగిపోయింది. కోటిన్నర ఎక్కడ, 26 వేలు ఎక్కడ!

ఆల్చిప్పలు పోతే పోయాయి, తినకపోతే ఏమవుతుంది అనుకోవడానికి లేదు. అవి నీళ్ళని వడకట్టే జీవులు. ఒకప్పుడు చెసపీక్‌లో ఉన్న ఆల్చిప్పలన్నీ కలిసి బే నీళ్ళంతటినీ వారం తిరక్కుండా వడకట్టగలిగేవనీ, మిగిలినవాటికి అదే పనికి ఏడాది దగ్గర పడుతుందనీ 1988లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం హార్న్ పాయింట్ ల్యాబులో రోజర్ న్యూవెల్ లెక్క కట్టాడు.

బ్రూక్స్ తర్వాత ఇంకో ప్రొఫెసర్ వచ్చాడు. రెజినాల్డ్ ట్రూయిట్, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం. ఆయన 1925లో పటక్సెంట్ బేలో కలిసే చోట, సాలమన్స్‌లో, ఒక పడవలవాడి పాకలో పరిశోధన మొదలుపెట్టాడు. అదే చెసపీక్ బయొలాజికల్ ల్యాబొరేటరీ అయింది. ఈ ల్యాబు వేసవి విడిది కాదు. ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. అక్కడ పనిచేసేవాళ్ళు కిరాణా కొనుక్కునేదీ, పిల్లల్ని బడికి పంపేదీ పీతలు పట్టేవాళ్ళూ పడవలు కట్టేవాళ్ళూ ఉన్న ఆ ఊళ్ళలోనే. 1938 నుంచి ల్యాబు రేవు మీద నీటి ఉష్ణోగ్రత కొలిచి రాసుకుంటూ వచ్చారు. 1930ల చివర్లో పటక్సెంట్ నదిలో పైకీ కిందికీ తిరిగి నీటిలో వెలుగు ఎంత లోతుకి పోతోందో, ప్రాణవాయువు ఎంత ఉందో కూడా కొలిచారు. ఆ కొలతలు ఒక శాస్త్ర పత్రికలో అచ్చయ్యి, దశాబ్దాల పాటు అలా ఉండిపోయాయి. అవి ఒక రోజు కోర్టుకి పనికొస్తాయని తీసినవాళ్ళు ఊహించి ఉండరు.

ఈలోగా ఎగువన ప్రపంచం మారిపోయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వాషింగ్టన్, బాల్టిమోర్ శివార్లు పొలాల మీదికి పాకాయి. 1967లో కొలంబియా అనే కొత్త నగరానికి నగరమే వెలిసింది. అన్ని ఇళ్ళ మురుగూ శుద్ధి కేంద్రాల మీదుగా పటక్సెంట్‌లోకే. శుద్ధి అంటే అప్పటికి కంటికి కనిపించే మడ్డి తీసేయడం, రోగక్రిములని చంపడం. నీళ్ళలో కరిగిన నత్రజని అలాగే వెళ్ళిపోయేది.

నది దిగువన బ్రూమ్స్ ఐలాండ్ అనే పల్లె ఉంది. అక్కడ పెరిగినవాడు బెర్నీ ఫౌలర్. 1924లో పుట్టాడు. యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి ఊరికి తిరిగొచ్చి పడవలు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టుకున్నాడు. 1970లో కాల్వర్ట్ కౌంటీ పాలకమండలికి ఎన్నికయ్యాడు. శాస్త్రం చదివినవాడు కాదు. ఆయన దగ్గరున్నది ఒక జ్ఞాపకం. కుర్రతనంలో ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, గడ్డి మధ్య దాక్కున్న పీతల్ని చిక్కంతో తీసేటప్పుడు తన పాదాలు తనకి స్పష్టంగా కనిపించేవి. ఇప్పుడు మోకాళ్ళు కూడా కనిపించడం లేదు. గడ్డి లేదు, గడ్డిలో పెరిగే పీతలూ తగ్గాయి.

ఇదే మాట మన ఊళ్ళలో ఏ చెరువుగట్టు మీద ఏ పెద్దాయన అన్నా వినేవాళ్ళు ఏమంటారో మనకి తెలుసు. పెద్దవాళ్ళు, పాత రోజులు బాగున్నాయనే అంటారు లెండి, అంటారు. ఫౌలర్‌కీ అదే జవాబొచ్చింది. జ్ఞాపకాన్ని అధికారి ఫైల్లో ఎక్కించుకోడు.

ఆయన సాలమన్స్ ల్యాబుకి వెళ్ళాడు. ల్యాబు వాళ్ళ దగ్గర పాత కొలతలున్నాయి, కొత్తవీ ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే పెద్దాయన జ్ఞాపకం నిజమే. వెలుగు దిగే లోతు తగ్గింది. వేసవిలో అడుగు నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతోంది. కారణం సన్నని నాచు. యూరియా వేసిన చేను ఏపుగా లేచినట్టు, నత్రజని అందిన నాచు నీళ్ళంతా కమ్ముకుంటుంది. వెలుగు ఆగిపోతే అడుగున గడ్డి చచ్చిపోతుంది. నాచు కూడా చచ్చి అడుక్కి చేరి కుళ్ళేటప్పుడు ఉన్న ప్రాణవాయువుని తినేస్తుంది. ఇంక అక్కడ పీత ఉండలేదు, చేపా ఉండలేదు.

ఇక్కడే అసలు తగువు. నాచుని ఆపాలంటే నత్రజనిని ఆపాలా, భాస్వరాన్నా? 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ ఒక సరస్సుకి మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేశాడు. భాస్వరం కలిపిన సగం పచ్చగా మారిపోయింది, కలపని సగం తేటగానే ఉంది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. దాంతో ప్రభుత్వాలన్నీ భాస్వరం తీస్తే చాలు అన్నాయి. భాస్వరం తీయడం చవక. నత్రజని తీయాలంటే శుద్ధి కేంద్రాలని మళ్ళీ కట్టాలి. అందుకని మేరీల్యాండ్ రాష్ట్రమూ, కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా భాస్వరం దగ్గరే ఆగాయి. సాలమన్స్ ల్యాబు వాళ్ళు ఒప్పుకోలేదు. సరస్సు మంచినీళ్ళు, ఇది ఉప్పు కలిసిన నది, ఇక్కడి లెక్క వేరు, వేసవిలో ఇక్కడి నాచుకి కొరత నత్రజనికే అన్నారు.

1970ల చివర్లో దిగువనున్న కాల్వర్ట్, చార్లెస్, సెయింట్ మేరీస్ కౌంటీలు ఫౌలర్ పూనికతో రాష్ట్రం మీదా ఈపీఏ మీదా దావా వేశాయి. మూడూ పల్లె కౌంటీలే. జనం తక్కువ, ఓట్లు తక్కువ. పొగాకు పండించుకుంటూ పీతలు పట్టుకుంటూ బతికే ఊళ్ళు. ఎగువ కౌంటీలు దేశంలోనే డబ్బున్న కౌంటీల్లో చేరేవి. ఆ దావాలో దిగువ కౌంటీల తరఫున సాలమన్స్ శాస్త్రవేత్తలు నిలబడ్డారు. ఇది చిన్న విషయం కాదు. వాళ్ళది రాష్ట్ర విశ్వవిద్యాలయం, వాళ్ళకి జీతమిచ్చేది రాష్ట్రం. ఆ రాష్ట్రానికి ఎదురుగా నిలబడి, మీ ప్రణాళిక తప్పు అని సాక్ష్యం చెప్పారు. విశ్వవిద్యాలయం ప్రజల పక్షాన ఉండాలనే మాట సభల్లో చాలాసార్లు వింటాం. అది చేతల్లో ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ సాక్ష్యాన్నే.

తీర్పు చిన్న కౌంటీల వైపు వచ్చింది. తీర్పు వచ్చినంత మాత్రాన నది బాగుపడదు కదా. 1981 డిసెంబరులో ఎగువవాళ్ళని, దిగువవాళ్ళని, రాష్ట్రాన్ని, కేంద్రాన్ని, శాస్త్రవేత్తల్ని ఒకచోట కూర్చోబెట్టి, ఒప్పందానికి వచ్చేదాకా మాట్లాడించారు. భాస్వరంతో పాటు నత్రజనినీ తగ్గించాలని ఒప్పుకున్నారు. చెసపీక్ నదుల్లో నత్రజని మీద ఇలా లక్ష్యం పెట్టుకున్న మొదటి నది ఇదే. బ్రూక్స్ కాలంలో జరగని పని నూరేళ్ళ తర్వాత ఇక్కడ జరిగింది.

అప్పటికీ తగువు పూర్తిగా తీరలేదు. క్రిస్ డిఎలియా, వాల్టర్ బాయింటన్ వంటి ల్యాబు శాస్త్రవేత్తలు నది ఒడ్డున పెద్ద పెద్ద తొట్లలో నది నీళ్ళు పారిస్తూ, కొన్నిట్లో నత్రజని, కొన్నిట్లో భాస్వరం, కొన్నిట్లో రెండూ కలిపి చూసే ప్రయోగంలో పాల్గొన్నారు. వేసవిలో నత్రజని పడ్డ తొట్లలో నాచు లేచింది. చలికాలం చివర్లో మాత్రం భాస్వరమే పనిచేసింది. 1986లో ఇది అచ్చయింది. అంటే రెంటినీ తగ్గించాల్సిందే. 1990ల తొలి సంవత్సరాల్లో పటక్సెంట్ మీది పెద్ద శుద్ధి కేంద్రాల్లో నత్రజనిని సూక్ష్మజీవులతో వాయువుగా మార్చి గాల్లోకి పంపేసే పద్ధతి వచ్చింది.

పటక్సెంట్ తగువు జరుగుతుండగానే బే మొత్తానికి కూడా కదలిక వచ్చింది. సెనేటర్ చార్లెస్ మథాయస్ పట్టుబట్టి 2.7 కోట్ల డాలర్లతో ఈపీఏ చేత పెద్ద అధ్యయనం చేయించాడు. అది ముగిసిన 1983లో, డిసెంబరు 9న, మేరీల్యాండ్, వర్జీనియా, పెన్సిల్వేనియా గవర్నర్లూ వాషింగ్టన్ మేయరూ ఈపీఏ అధిపతీ మొదటి చెసపీక్ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. సంతకాలు జరిగిన చోటు కూడా ఒక విశ్వవిద్యాలయమే, వర్జీనియాలోని జార్జ్ మేసన్. 1987 ఒప్పందంలో నత్రజని, భాస్వరం రెంటినీ 2000 నాటికి 40 శాతం తగ్గించాలని రాసుకున్నారు. పటక్సెంట్ పల్లెలు మొదలుపెట్టిన వాదం బే అంతటికీ నియమం అయింది.

ఇక తెల్ల బూట్ల సంగతి. అప్పటికి రాష్ట్ర సెనేటర్ అయిన ఫౌలర్, 1988 జూన్ నెల రెండో ఆదివారం బ్రూమ్స్ ఐలాండ్‌లో తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకుని నదిలోకి దిగాడు. పక్కనున్నవాళ్ళ చేతులు పట్టుకుని వరసగా అందరూ దిగారు. బూట్లు కనిపించడం ఆగిపోయిన చోట ఆగి, బయటికొచ్చి, ప్యాంటు మీద తడి గీత ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచారు. 10 అంగుళాలు. దానికి స్నీకర్ ఇండెక్స్ అని పేరు పడింది. ఆ తర్వాత ఏటేటా అదే జరుగుతోంది. 1997లో 44.5 అంగుళాలు వచ్చింది. ఈ వేడుక మొదలయ్యాక అంతకు మించి ఏ ఏడూ రాలేదు. ఛాతీ లోతు ఇప్పటికీ రాలేదు.

ఇది తమాషాలా అనిపిస్తుంది కానీ దీని వెనక పాత పద్ధతి ఉంది. 1865లో ఇటలీలో ఆంజెలో సెక్కీ అనే పూజారి, ఖగోళ శాస్త్రవేత్త, ఓడ మీంచి తెల్లటి పళ్ళేన్ని తాడుతో దించి, కనిపించడం మానేసిన లోతుని కొలిచాడు. ఇప్పటికీ నీటి తేటదనాన్ని అలాగే కొలుస్తారు. సాలమన్స్ ల్యాబు వాళ్ళూ ఆ పళ్ళేన్నే వాడతారు. ఫౌలర్ పళ్ళెం బదులు బూట్లు వాడాడు, అంతే. నైట్రేట్ లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు అంటే టీవీ వాళ్ళు రారు. డెబ్భై ఏళ్ళాయన గడ్డి టోపీ పెట్టుకుని మనవల చేతులు పట్టుకుని నదిలోకి దిగితే వస్తారు. వాళ్ళ వెనక గవర్నర్లూ వస్తారు. అంకెలు ల్యాబు తీసి పెడితే, ఆ అంకెల్ని జనం అడిగేలా చేసింది ఆయన.

ఇది గెలుపు కథ అని చెప్పి ముగించలేను. 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం 1984 నుంచి చెసపీక్‌లో నత్రజని 23 శాతం తగ్గింది, నీటి అడుగు గడ్డి నాలుగు రెట్లకి పైగా పెరిగింది. విశ్వవిద్యాలయాల వాళ్ళు ఏటేటా విమానాల మీంచి ఫొటోలు తీసి కొలిచిన లెక్క అది. ఇలాంటి పునరుద్ధరణ ప్రపంచంలో చాలా అరుదు. కానీ మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏటా ఇచ్చే మార్కుల్లో బేకి సి దగ్గరే వస్తోంది, పటక్సెంట్‌కి అంతకన్నా తక్కువ. శుద్ధి కేంద్రాలు బాగుపడితే ఇళ్ళు పెరిగాయి. దావా వేసిన దిగువ కౌంటీల్లోనే సెప్టిక్ ట్యాంకుల ఇళ్ళు వేలల్లో వచ్చాయి. గడ్డికి వేసిన ఎరువు, రోడ్ల మీది వాన, గాలిలోంచి రాలే నత్రజని, వీటిని ఏ శుద్ధి కేంద్రమూ పట్టుకోలేదు.

మేరీల్యాండ్‌లో ఉండే మనవాళ్ళు నీళ్ళ బిల్లు ఒకసారి తీసి చూడండి. బే రెస్టొరేషన్ ఫీ అని ఒక వరస ఉంటుంది. 2004లో మొదలుపెట్టినప్పుడు ఇంటికి ఏడాదికి 30 డాలర్లు, 2012లో రెట్టింపు చేశారు. ఫ్లష్ ట్యాక్స్ అని వెక్కిరించేవాళ్ళూ ఉన్నారు. శుద్ధి కేంద్రాలని ఇంకా మెరుగుపరిచింది ఆ డబ్బుతోనే. లాన్‌కి చలికాలంలో ఎరువు వేయకూడదనే నియమం కూడా 2013 నుంచి ఉంది. మా వీధిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. తెలియక వేసే ఆ సంచెడు ఎరువు కూడా వానకి కరిగి బ్రూమ్స్ ఐలాండ్ దాకా వెళ్తుంది.

మన దగ్గర ఇలా కొలిచేవాళ్ళు లేరని అనుకోనక్కర్లేదు. సాలమన్స్ ల్యాబు పుట్టిన మరుసటి ఏడు, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. 1950లలో అమెరికా నుంచి యూజీన్ లఫాండ్ వాల్తేరు వచ్చి పాఠాలు చెబితే, మన కుర్రాళ్ళు విశాఖ తీరంలో పడవల మీద తిరిగి సముద్రాన్ని కొలిచారు. చల్లటి అడుగు నీళ్ళు పైకి ఎలా లేస్తాయో గమనించి రాశారు. కొల్లేటి లంకల్లో, కాకినాడ రేవులో, పులికాట్ ఒడ్డున, నీళ్ళు ఒకప్పుడు ఎలా ఉండేవో చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మాట విని, పాత కొలతల పక్కన పెట్టి చూసేవాళ్ళు కావాలి. ఆ పెద్దవాళ్ళు ఎల్లకాలం ఉండరు కాబట్టి, ఈ పనికి గడువు కూడా ఉంది.

బెర్నీ ఫౌలర్ 2021 డిసెంబరులో, 97 ఏళ్ళ వయసులో పోయారు. పాదాలు మళ్ళీ చూడాలన్న ఆయన కోరిక తీరలేదు. నదిలోకి దిగడం మాత్రం ఆగలేదు. జూన్ రెండో ఆదివారం మీరు ఈ చుట్టుపక్కల ఉంటే పిల్లల్ని తీసుకుని రండి. తెల్ల బూట్లు తెచ్చుకోండి, కొత్తవి వద్దు.